మీసాల మంచుబొమ్మ

ఇరాన్‌లోని హమదాన్ ఊళ్లో తూబా ఖానుమ్ చేసే మంచుబొమ్మలకు మీసాలుంటాయి. తెల్ల ఉన్నిని సబ్బునీళ్లలో పిసికి పిసికి గుండ్రంగా చేసి, నల్లమేక వెంట్రుకలతో మూతి మీద గుబురుగా మీసం కుడుతుంది. చలికాలంలో అన్నిటికంటే పొడవైన యల్దా రాత్రి పండుగ దగ్గర పడిందంటే బజారులో ఏ దుకాణం అద్దంలో చూసినా అవే బొమ్మలు. "మంచుబొమ్మకు మీసాలేమిటమ్మా, ఎక్కడైనా ఉందా?" అని ఎవరైనా నవ్వితే, "మా నాన్నకుండేవి. నచ్చితే తీసుకో, లేదా ముందుకు నడు" అంటుంది. ఆమె నోరు అలాంటిది. ఒకసారి ఆ నోరే ఆమె కొంప ముంచింది.

వాళ్ల నాన్న మంచుగడ్డలు పండించేవాడు. అవును, పండించడమే. ఊరి బయట ఎత్తయిన మట్టిగోడ, దాని నీడలో లోతులేని మడులు. చలికాలం రాత్రిళ్లు ఆ మడుల్లోకి పలచగా నీళ్లు వదిలేవాడు. అవి గడ్డకట్టాక వాటి మీద మరో పొర. తెల్లవారాక గునపాలతో పగలగొట్టి, పక్కనే ఉన్న గుమ్మటం కింది గోతిలోకి జార్చి, గడ్డి కప్పేవారు. వేసవిలో ఊరంతా షర్బత్ తాగేది ఆ గోతి చలవతోనే.

చలి చాలినంత ఉందో లేదో తెలుసుకోవడానికి ఆయనకు ఒక పద్ధతి ఉండేది. గోడ మీద మంచుబొమ్మను నిలబెట్టి, దానికి మేక వెంట్రుకల మీసం అంటించేవాడు. మధ్యాహ్నం ఎండకు మీసం జారిందా, ఆ రాత్రి నీళ్లు వదలడు. జారలేదా, వదులుతాడు. మిగతా మంచుమేస్త్రీలు పగలబడి నవ్వేవారు. నవ్వుతూనే సాయంత్రం వచ్చి, "ఏమంటున్నాడు మీ మీసాలాయన?" అని అడిగి మరీ వెళ్లేవారు. ఆ బొమ్మను చేసే పని తూబాది, తమ్ముడు యదుల్లాది. తల ఎవరు పెట్టాలన్న దగ్గర రోజూ జుట్టూ జుట్టూ పట్టుకునేవారు.

తర్వాత ఇంటింటికీ ఫ్రిజ్ వచ్చింది. గొయ్యి ఎండిపోయింది. నాన్న పోయాక గుమ్మటం బీటలువారి ఇటుకలు రాలడం మొదలైంది. పిల్లలేమో దాని కిందే ఆడేవారు. ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనని యదుల్లా ఒకరోజు దాన్ని కూల్పించేశాడు. అక్కకు చెప్పలేదు. తూబా పరుగున వెళ్లేసరికి అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు. వీధి వీధంతా చూస్తుండగా, "నాన్నను రెండోసారి చంపావు కదరా!" అనేసింది.

యదుల్లా తల వంచుకుని వెళ్లిపోయాడు. తను అన్నది తప్పని తూబాకు ఆ సాయంత్రానికే తెలిసింది. తెలిసి ఏం లాభం? తమ్ముడి వీధి మలుపు దాకా వెళ్లడం, వెనక్కి తిరగడం. ఏళ్లు గడిచిపోయాయి.

ఈ ఏడాది కబురు తెలిసింది. యదుల్లా గుండె ఇక్కడి చలికి ఆగదని డాక్టర్లు చెప్పారట. వసంతంలో వచ్చే నౌరోజ్ పండుగ లోపే భార్యతో వెచ్చగా ఉండే షీరాజ్ వెళ్లిపోతున్నాడట, ఇక అక్కడే ఉంటాడట. ఆ రాత్రి తూబా అన్నం ముట్టలేదు. వాడు వెళ్లేలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన ఇంట్లో కూర్చుని తినాలి. ఆమె కోరిక అంతే.

దానికి ఒకటే దారి కనిపించింది, తొలిమంచు పందెం. తొలి మంచు పడిన రోజు పిడికెడు మంచును దేనిలోనైనా దాచి అయినవాళ్లకు పంపుతారు. తెలియక పుచ్చుకుంటే పుచ్చుకున్నవాళ్లు విందు పెట్టాలి. పసిగట్టి, తెచ్చినవాణ్ణి పట్టుకుని మొహానికి మసి పూస్తే పంపినవాళ్లే పెట్టాలి. ఎవరు ఓడినా ఇద్దరూ భోజనానికి పరిచే ఒకే దస్తర్‌ఖాన్ గుడ్డ ముందు కూర్చోక తప్పదు. తూబాకు కావలసింది అదే.

ఈసారి మంచు ఆలస్యం చేసింది. ఆమె రోజూ ఊరి పక్కనున్న ఆల్వంద్ కొండను తిట్టిపోసింది. చివరికి ఒక ఉదయం లేచేసరికి వీధంతా తెల్లగా ఉంది. బిస్కెట్ల డబ్బాలో పట్టేంత బొమ్మ చేసి, మీసం అంటించి, మూత పెట్టి మొగుడు సఫర్ అలీ చేతిలో పెట్టింది.

సఫర్ అలీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు, కానీ ప్రతి స్టాపులోనూ ఆగే అలవాటు మాత్రం పోలేదు.

"ఎక్కడా ఆగకు. నేరుగా వాడి ఇంటికే వెళ్లు" అంది.

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అని బయలుదేరాడు.

తూబా కిటికీ వదల్లేదు. మసిమొహంతో వచ్చినా సరే, నవ్వుతూ వచ్చినా సరే. అతను శుభ్రమైన మొహంతో, నేల చూపులు చూస్తూ వచ్చాడు.

"ఏమైందయ్యా?"

"చలిగా ఉందని దారిలో ఆగి ఒక్క టీ తాగానంతే. డబ్బా టీకొట్టు పొయ్యి పక్కన పెట్టాను."

"పొయ్యి పక్కనా!"

"వాడు మూత తీస్తే లోపల నీళ్లు. నీళ్ల మీద మీసం తేలుతోంది."

"వాడేమన్నాడు?"

"ఏమంటాడు? ఆ మీసాన్నే చూసి, తలుపు వేసుకున్నాడు."

నీళ్లకు పందెం లేదు. చుట్టూ గడ్డి పెట్టి ఉంటే ఎంత పొయ్యి పక్కనైనా కాసేపు నిలిచేది. మంచుమేస్త్రీ కూతురై ఉండి గడ్డి మరిచిపోయింది! చాదర్ అంచుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తీస్తే యదుల్లా. టోపీ మీద మంచు, చేతుల్లో పెద్ద గోనెమూట. మెట్లెక్కిన ఆయాసానికి మాట రావడం లేదు.

"ఒరే, నీ ఆరోగ్యమేమిటి, ఈ చలిలో ఈ మోతలేమిటి? ఇలా ఇవ్వు ముందు!" అంటూ తూబా మూట లాగేసుకుంది.

యదుల్లా గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"పుచ్చుకున్నావుగా అక్కా! ఇక వండు."

ఆమె గోనె విప్పింది. చుట్టూ గడ్డి దట్టించి ఉంది. మధ్యలో మంచు, ఒక్క చుక్కయినా కరగలేదు. తూబాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఆరోజు ఆ మాట అనకుండా ఉండాల్సిందిరా" అంది.

"కూల్చేముందు నిన్ను అడగాల్సింది నేను" అన్నాడతను. "ఇంతకీ వంటేమిటి?"

"ఆష్, మన చిక్కటి వేడివేడి పులుసు. లోపలికొచ్చి పొయ్యి పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగు. ఊరికే పెడతాననుకున్నావా?"