మెట్టు మీది పెద్దమ్మ

అవనిగడ్డ దగ్గర మా ఊరి చర్చిలో ప్రతి గుడ్‌ఫ్రైడే సాయంత్రం యేసుప్రభువు పాత సినిమా వేస్తారు. ప్రొజెక్టర్ నడిపేది నేనే. ఎనిమిదో తరగతికి టాటా చెప్పినవాడికి ఇంతకంటే పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?

చర్చిలో చాపలు పరిచే పెద్దమ్మ మాత్రం ఆ సినిమా మొత్తం చూసేది కాదు. రోమా సైనికుడు సుత్తి తీయగానే లేచి వెళ్లి బయట మెట్టు మీద కూర్చునేది. కాసేపటికి తలుపు సందులోంచి అడిగేది.

"లేచాడా అబ్బాయ్?"

"ఇంకా సమాధిలోనే ఉన్నాడు పెద్దమ్మా. లేవగానే నీకు కబురు పెట్టమన్నాను."

"వెధవా," అని నవ్వేది. లేచాడని చెప్పాకే లోపలికి వచ్చేది.

ఓ ఏడాది సరిగ్గా సిలువ దగ్గర డిస్క్ ఇరుక్కుపోయి బొమ్మ ఆగిపోయింది. జనమంతా టీ తాగడానికి వెళ్లిపోయారు.

"లేచాడా?" అంది పెద్దమ్మ.

"ఈ ఏడు లేచేలా లేడు. సిలువ మీదే ఆగిపోయాడు," అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "మేకులతోనా? ఒక్కణ్నే వదిలేసి అందరూ వెళ్లిపోయారా?" అంటూ లోపలికి వచ్చింది. కళ్లకు కొంగు అడ్డం పెట్టుకుని నడిచి, తెర ముందు చాప మీద కూర్చుంది. అప్పుడు కొంగు తీసేసింది.

"నిదానంగానే బాగుచేసుకో నాయనా. నేనుంటాలే ఇక్కడ."

డిస్క్‌ను చొక్కా అంచుతో తుడుస్తున్నంతసేపూ నాకు ఒక్క జోకూ తోచలేదు. బొమ్మ కదిలింది. ఆమె లేవలేదు.

ఇప్పుడు పెద్దమ్మ లేదు. సినిమా పెన్‌డ్రైవ్‌లోకి వచ్చింది, ఎక్కడా ఆగదు. అయినా సుత్తి కనిపించగానే ప్రొజెక్టర్ వదిలేసి, వెళ్లి తెర ముందు చాప మీద కూర్చుంటాను.