ఉన్నట్టుండి అని రాయొద్దు

ఈ ఉదయం మా ఆరోగ్య కేంద్రం ఆవరణలో ఎవరిదో పాత డీజిల్ కారు మొరాయించింది. డిసెంబరు చలి. తాళం తిప్పిన ప్రతిసారీ మోటారు గిర్రున తిరుగుతోంది గాని ఇంజను అందుకోవడం లేదు. నాలుగోసారికి దగ్గి, వణికి, ఇంత తెల్లపొగ వదిలి లేచింది. కాలీ కాలని డీజిల్ ఘాటు కిటికీలోంచి నా బల్ల దాకా వచ్చింది. మా ఆయా ముక్కు మూసుకుని కిటికీ రెక్క వేయబోతే, "ఉండనీ" అన్నాను. ఆ వాసన వస్తే నేను కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చుకుంటాను. చూసినవాళ్ళు ఈ సిస్టర్‌కి ఏదో తేడా ఉందనుకుంటారు. అనుకోనీ. ఒక మనిషి కోసం నేను చాలాకాలం ఆ వాసన చూసిపెట్టాను, ఆ అలవాటు పోలేదు.

ఆ మనిషి పైడినాయుడు బాబాయి. మాకు చుట్టం కాదు. అయినా బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్ళలో ఎవరు ఎవరికి నిజంగా చుట్టమో తేల్చడం ఎవరి తరమూ కాదు. మా తాతదీ వాళ్ళ నాన్నదీ శ్రీకాకుళం వైపు పక్కపక్క ఊళ్ళు, ఇద్దరూ రైల్వే పనికే వచ్చారు, ఆ లెక్కన ఆయన నాకు బాబాయి అయిపోయాడు. డీజిల్ రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాక, లాల్‌ఖదాన్‌లో ఇంటి పక్కనే రేకులు వేసుకుని పాత డీజిల్ కార్లు చూసేవాడు. బోర్డు లేదు. పొట్టి మనిషి, గట్టి చేతులు, చెవిమీద ఎప్పుడూ ఒక బీడీ. కోపం ముక్కుమీదే ఉంటుందని పేరుగాని, నేనెరిగినంతలో ఆయన కోపమంతా రెంచీల మీదే.

నేను ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్ళింది ఎనిమిదేళ్ళు నడిచిన ఒక డీజిల్ కారు కొన్న కొత్తల్లో. ఊరికి దూరంగా ఉన్న ఆరోగ్య కేంద్రంలో నాకు నర్సు డ్యూటీ. బస్సు నమ్ముకుంటే సగం రోజులు ఆలస్యమే. అందుకని కొన్నాను. కొన్న నెలకే పొద్దున్నపూట లేవడం మానేసింది.

"ఇంజెక్టర్లు పోయాయట బాబాయ్, మార్చాలట" అన్నాను.

"ఎవురన్నారు?"

"తార్‌బహార్‌లో ఒక మెకానిక్."

"అచ్ఛా. అది ఆయన పెట్టిన జబ్బు పేరు. నీ బండి ఏటి సేసిందో నువ్వు సెప్పు" అని ఒక పొడుగాటి రిజిస్టరు నా ముందుకు తోశాడు. షెడ్డులో ప్రతి రైలింజనుకీ ఒక పుస్తకం ఉండేదట. నడిపిన డ్రైవరు దారిలో తను చూసిందీ విన్నదీ అందులో రాస్తాడు, అది చదివాకే ఫిట్టరు పనిముట్టు పట్టుకుంటాడు. బాబాయి ఆ పద్ధతిని కార్లకి తెచ్చాడు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, స్టూలు మీద కూర్చుని స్వహస్తంతో రాయాల్సిందే. అందరూ హిందీలో రాసేవారు. "నువ్వు తెలుగులో రాయి. ఈ పుస్తకంలో తెలుగు నాదొక్కడిదే అయిపోనాది" అన్నాడు నాతో. నాకు తెలుగు మాట్లాడడమే గాని రాయడం అంతంతమాత్రం. వంకరటింకరగా, "ఉన్నట్టుండి స్టార్ట్ అవడం మానేసింది" అని రాశాను.

ఆయన మొహం మాడ్చాడు. "ఉన్నట్టుండి అని రాయొద్దు. ఉన్నట్టుండి ఏదీ పాడవదమ్మా. మనం సూసుకోని రోజులు కొన్నుంటాయి, అంతే. తెల్లారి మొరాయిస్తాదా, మజ్జాన్నం కూడానా?"

"పొద్దున్నే. ఒకసారి లేస్తే రోజంతా మంచిదే."

"ముక్కు పైకి పెట్టి నిలుపుతావేటి?"

నాకు ఆశ్చర్యమేసింది. మా ఇంటి ముందు ఏటవాలు, రోజూ అలాగే నిలుపుతాను. ఆ మాటా రాయించాడు. వేడిగా ఉన్న ఇంజను నిజం చెప్పదని, కారు అక్కడే వదిలేసి పొద్దున్న రమ్మన్నాడు. మర్నాడు ముందుగా బానెట్ మీద అరచేయి తిరగేసి ఆనించి, చల్లగా ఉందని ఖాయం చేసుకున్నాడు. తర్వాత ఫిల్టరు దగ్గర ఉన్న రబ్బరు గొట్టం తీసి, దాని చోట లోపలిది కనిపించే ప్లాస్టిక్ గొట్టం ముక్క పెట్టి తాళం తిప్పమన్నాడు. గొట్టంలో డీజిల్‌తోపాటు బుడగలు పరుగెత్తాయి. "సూసినావా? నీ బండి గాలి తాగుతోంది. ఈ రబ్బరు నెర్రిచ్చింది. తెల్లార్లూ డీజిల్ ఎనక్కి ట్యాంకులోకి జారిపోతాది, పొద్దున్న పంపు ఉత్తిగాలి లాగుతాది. ఇంజెక్టర్లకి ఏటీ కానేదు." జానెడు రబ్బరు గొట్టంతో నా కారు బాగుపడింది.

అప్పటినుంచి ఆదివారాలు అక్కడే కాలక్షేపం. పిన్ని ఇచ్చే టీ తాగుతూ ఆయన చెప్పేవన్నీ వినేదాన్ని. తెల్లపొగైతే డీజిల్ కాలడం లేదు, నల్లపొగైతే గాలి చాలడం లేదు, నీలం పొగైతే ఇంజనాయిలు తాగుతోంది. వానలు మొదలయ్యాక ఫిల్టరు అడుగున చేరే నీళ్ళు వదలాలి. పాత కారు చూడబోతే, మనం వెళ్ళేసరికే అమ్మేవాడు ఇంజను వేడిచేసి ఉంచాడంటే అనుమానించాలి. దూరం నుంచి వచ్చి ఇంజను టక్కున ఆపేస్తే నామీద కేకలేసేవాడు. "పరుగెత్తుకొచ్చినోడిని ఒక్క నిమిషం నిలబడి ఊపిరి తీసుకోనివ్వవా? లోపల టర్బో చక్రం ఇంకా తిరుగుతా ఉంటే నూనె ఆపేస్తావేటి?" అని.

ప్రతి బండికీ ఆయన తప్పకుండా చేసే పని ఒకటుంది. ఫిల్టరు విప్పి, ఇంత డీజిల్ గిన్నెలోకి వంపి, బండి తెచ్చినవాళ్ళ ముక్కు కింద పెట్టేవాడు. "ఏటి వాసన? సరిగ్గా సూసి సెప్పు." నేనుంటే నాచేత చూపించేవాడు. మాకు పాఠం చెబుతున్నాడనే అనుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంకో వేడుక కూడా ఉండేది. వాళ్ళు ఆ బీడీనీ డీజిల్ బేసినునీ చూసి బెదిరితే, వెలిగించిన అగ్గిపుల్ల ఆ డీజిల్లో వేసేవాడు. చుయ్‌మని ఆరిపోయేది. ఎవరూ చేయకూడని పని అది. నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను, ఆయన వింటేగా.

ఆ రోజుల్లోనే ఒక ఆఫీసరు తన డీజిల్ కారులో పెట్రోలు పోయించుకుని వచ్చాడు. బాబాయి ఆ కథని నెలరోజులు చెప్పుకుని నవ్వాడు. "డీజిలంటే మంటకి తిండొక్కటే కాదమ్మా, పంపుకి నూనె కూడా అదే. పెట్రోలు పోస్తే పంపు ఎండిపోయి అరుస్తాది. బంకులో బండి దిగి పైపు ఏదో సూసుకోడానికి ఏటి రోగం?" అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. నేను తన చేతికింద తయారైన ఇంజనీరునని ఆయన వీధంతా చెప్పుకునేవాడు, నాకూ కాస్త తలకెక్కింది.

జూన్ నెలలో ఒక మధ్యాహ్నం టీకాల పెట్టె ఆలస్యమైందని ఎవరో ఫోన్ చేస్తే, బంకులో కారు దిగకుండా మాట్లాడుతూ కూర్చున్నాను. చూసేసరికి కుర్రాడు పోస్తున్నది పెట్రోలు. ఆపించాను. అప్పటికే సగం ట్యాంకు దాకా పడింది. పైన డీజిల్ పోయించేస్తే కలిసిపోతుందిలే అనుకుని, పోయించుకుని బయల్దేరాను. ఆయన దగ్గర అంత విని కూడా అలా ఎలా అనుకున్నానో నాకిప్పటికీ అర్థం కాదు. లాల్‌ఖదాన్ చేరేసరికి ఇంజను గలగల కొట్టుకుంటోంది, జోరు చచ్చిపోయింది, బాబాయి రేకుల షెడ్డు ముందు ఆగి ఇంక లేవలేదు.

బాబాయి రిజిస్టరు ఇచ్చాడు. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత గుండ్రంగా, ఆయన దగ్గరే కుదిరిన అక్షరాలతో రాశాను: ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆయన చదివి నావంక చూశాడు. తాళం తిప్పించి, పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొస పంపుకి, ఇంకో కొస చెవికి ఆనించి విన్నాడు. "ఇది తిండి తేడా సేసిన సప్పుడమ్మా. ట్యాంకులో ఏటైనా పడిందా?"

"లేదు బాబాయ్."

గిన్నె నా ముక్కు కింద పెట్టాడు. పెట్రోలు గుప్పుమంది.

"ఏటి వాసన?"

"డీజిలే" అన్నాను.

ఆయన గిన్నె దించాడు. రాసినవాళ్ళ మాట నమ్మకపోతే పుస్తకమే దండగని ఆయన పట్టుదల. తన చెవి చెప్పింది పక్కన పెట్టి, నేను రాసింది నమ్మాడు. ఆ ఎండలో, డెబ్బై ఏళ్ళ వయసులో, మూడురోజులు నా కారుతో పెనుగులాడాడు. గొట్టాలు విప్పాడు, ఫిల్టరు మార్చాడు, చివరికి ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఒక్కొక్కటే ఊడదీసి గుడ్డమీద పేర్చాడు. నేను బస్సులో డ్యూటీకి పోయి సాయంత్రం వచ్చి ఆ గుడ్డవంక చూసేదాన్ని. చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఆ ఆఫీసరు కథకి నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి ముఖం చెల్లేది కాదు.

ఆదివారం వెళ్ళేసరికి గోడమీద పనిముట్లు సగం లేవు. గోనెసంచిలో సర్దుతున్నాడు.

"ఏమిటిది బాబాయ్?"

"నా సెవి పోయిందమ్మా. అది ఒకటంటాది, బండిలో ఇంకోటి ఉంటాది. నీ బండి ఎలగోలా కట్టి ఇచ్చేస్తాను. ఇదే ఆఖరు. తెలియనోడు తెలిసినట్టు ఒకరి బండి మీద సెయ్యేస్తే తప్పు గదా."

నాకు ఏడుపొచ్చింది. అప్పటికీ నిజం చెప్పలేదు. అంతలో ఒక బడిపంతులు తన పాత జీపు తీసుకుని వచ్చాడు. నా కారు కింద బేసినులో ట్యాంకునుంచి వదిలినదంతా ఉంది. పంతులు దాన్నీ, బాబాయి చెవిమీది బీడీనీ చూసి నాలుగడుగులు వెనక్కి వేశాడు. బాబాయికి కాస్త హుషారొచ్చింది.

"భయం నేదు మాస్టారూ! డీజిల్‌ని అగ్గిపుల్ల ఏటి సేస్తాది? సూడండి" అని హిందీలో చెప్పి, పుల్ల గీసి, బేసిను వైపు అడుగేశాడు.

"బాబాయ్, వద్దు! అందులో పెట్రోలుంది!"

ఆయన పుల్ల విసరలేదు. మండుతున్న పుల్లని పిడికిట్లో మూసేశాడు. అలాగే నాలుగడుగులు వెనక్కి నడిచి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన అరచేయి మీద పోశాను. నర్సుని కాబట్టి చేతులు వాటి పని అవి చేశాయి, మిగతా నేనంతా ఏడుస్తున్నాను.

"అయితే నా సెవి బాగానే ఉన్నాది" అన్నాడు మెల్లిగా. "తిండి తేడా అని మొదట్నాడే సెప్పినాను గదా?"

"చెప్పారు. సిగ్గేసి అబద్ధం రాశాను. ఆ ఆఫీసరు మీద అంతగా నవ్వి, నేనే ఆ పని చేశానని మీకెలా చెప్పను?"

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన చెంబులో మిగిలిన నీళ్ళు తాగి, "గిన్నె నా సేతిలోనే ఉన్నాది గదా, నేనెందుకు వాసన సూసుకోనేదో అడగవేటి?" అన్నాడు.

"ఎందుకు?" అన్నాను ఖాళీ చెంబు అందుకుంటూ.

"కరోనా వొచ్చి పోనాక నా ముక్కు పన్జెయ్యట్లేదమ్మా. మూడేళ్ళయింది. మీ పిన్నికి కూడా తెల్దు, పప్పు మాడినా కమ్మగుందని తినేస్తాను. ముక్కు నేని డీజిల్ ఫిట్టరు దగ్గిరికి బండెవురు తెస్తారు? అందుకే మీ అందరి సేతా సూయించాను. నువ్వొక మాట దాసినావు, నేనొక మాట దాసినాను. ఇద్దరం కలిసి ఈ మాస్టారిని తగలెట్టేవోళ్ళం."

రిజిస్టరు తెప్పించి, నాచేత 'ఉన్నట్టుండి' కొట్టేయించి జరిగింది రాయించాడు. తర్వాత కాలిన అరచేతికి నేను కట్టిన కట్టుతోనే కలం తీసుకుని, దాని కింద తను రాశాడు: "నాకు మూడేళ్ళుగా వాసన తెలీదు. ఎవరికీ చెప్పలేదు. తప్పు నాది కూడా." కింద రైల్వే షెడ్డులో పెట్టినట్టే సంతకం, పక్కన ఫిట్టరు అని.

ట్యాంకు కడిగి కొత్త డీజిల్ పోస్తే, పంపు కొంచెం సణిగి బతికింది. పనిముట్లు మళ్ళీ గోడెక్కాయి. అగ్గిపుల్లల వేడుక ఆ రోజుతో సరి. ఆ తర్వాత ఎవరొచ్చినా ముందు ఆ మాటే చెప్పేవాడు: "నాకు ముక్కు పన్జెయ్యదు, మీరే సూసి సెప్పాల." ఒకరిద్దరు రావడం మానేశారు. ఆ పంతులు మాత్రం మానలేదు సరికదా, వాసన చూడడంలో నాకు పోటీకొచ్చాడు. మాడిన పప్పు సంగతి తెలిసి పిన్ని రెండు రోజులు మాట్లాడలేదు.

కిందటి వానల్లో బాబాయి పోయాడు. జ్వరంగా ఉందని, మూడోరోజునుంచి ఆయాసమని, ఏ పూట ఏం తిన్నాడో అంతా కాగితం మీద రాసుకుని మరీ ఆసుపత్రికి వెళ్ళాడు. అయినా గుండె నిలవలేదు. నేనక్కడే ఉన్నాను, ఏమీ చేయలేకపోయాను. ఆ బాధ నాకు తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. దినకార్యాలయ్యాక పిన్ని రిజిస్టరు నా చేతిలో పెట్టింది. అందులో నావే ఇరవై పేజీల దాకా ఉన్నాయి. ఇవాళ తెలుగులో ఇంత రాస్తున్నానంటే ఆ స్టూలు మీద నేర్చుకున్నదే.

పొద్దున మొరాయించిన ఆ కారు వెళ్ళిపోయాక ఒక పల్లెటూరి తల్లి జ్వరంతో ఉన్న పాపని ఎత్తుకుని వచ్చింది. పాప మరీ మగతగా ఉంది. ఏమైందని అడిగితే, "అచానక్, దీదీ" అంది. ఉన్నట్టుండి అట. రోజుకి పదిసార్లు వినే మాటే. ఒకప్పుడైతే గదమాయించేదాన్ని. ఇప్పుడు నా కారులో పెట్రోలు పోయించుకున్న సంగతి చెబుతాను, పెద్దాయనకి అబద్ధం చెప్పిన సంగతి కూడా. ఎక్కువసేపు పట్టదు. ఆమెకీ చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వి, తల దించుకుని, పాప చెవి సవరిస్తూ, పొద్దున్న పెద్దవాళ్ళు వేసుకునే మాత్ర సగం విరిచి పాపకి పట్టానని చెప్పింది. కొంగు ముడి విప్పి మిగిలిన సగం చూపించింది.

"మంచిపని చేశావు చెప్పి" అన్నాను. డాక్టరుకి ఫోన్ కలుపుతూ, ఆ సగం మాత్రని ఆమె చేతిలోంచి తీసుకున్నాను.