ఉప్పు మాత్రమే చూశానండీ

నాగుల్ మీరా పుట్టింది ఉయ్యూరులో. ఆయన నాలుక మాత్రం బందరులో పుట్టింది. ఉయ్యూరులో గాలి కూడా బెల్లప్పాకం వాసన వేస్తుందని, అక్కడ పెరిగినవాడికి ఉప్పు సంగతి తెలియదని ఆయనే చెప్పేవాడు. పెళ్ళయి బందరు ఇనగుదురుపేటలో కాపురం పెట్టిన కొత్తలో ఒక సాయంత్రం సముద్రం మీది గాలి వచ్చి ఆయన పెదవుల మీద వాలింది. నాలుకతో తుడుచుకున్నాడు. ఉప్పంటే ఏమిటో అప్పుడు తెలిసిందట. ఆ సాయంత్రం నుంచి ఆయన వంట మేస్త్రీ.

తర్వాత ఇరవై ఏడేళ్ళు గుడివాడ నుంచి కోడూరు దాకా పెళ్ళిళ్ళకు పలావు వండాడు. వండాడని జనం అనేవారు గానీ, ఉల్లిపాయలు తరిగేది ఒకరు, మాంసం కడిగేది ఒకరు, పొయ్యి ఎగదోసేది ఇంకొకరు. ఆయన చేసేది ఒక్కటే పని. బియ్యం పోసేముందు, ఎసరు మరుగుతుంటే ఉప్పు చూసేవాడు. గరిటెతో తీసి అరచేతి గుంటలో పోసుకుని మూడుసార్లు చూసేవాడు. మొదటిసారి నాలుకను నిద్రలేపడానికి, రెండోసారి దాన్ని అడగడానికి, మూడోసారి అది చెప్పేది వినడానికి. డేగిసా చుట్టూ ఉన్నవాళ్ళు మాట్లాడటం ఆపేసేవారు. పెళ్ళికొడుకు గుర్రం కూడా ఒకసారి తల ఊపడం ఆపిందని చెప్పుకుంటారు. కళ్ళు తెరిచి "పిడికెడు" అనేవాడు. లేదంటే "చాలు" అనేవాడు. అంతే.

ఇంట్లో కూడా ఇదే పద్ధతి. రహమత్ బీ పప్పు పొయ్యి మీద పెట్టి ఆయన కోసం ఎదురుచూసేది. ఆయన వచ్చి చూశాకే అది పప్పయ్యేది. తను వండే కూరలో ఉప్పు ఎంత ఉందో ఆమెకు భర్త ముఖం చూస్తే తప్ప తెలియదు.

పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిది వేసవిలో ముదినేపల్లి పెళ్ళి నుంచి వస్తుంటే నొప్పి మొదలైంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి మేకులా దిగింది. గ్యాసన్నారు, రెండు సోడాలు తాగించారు. బొడ్డు జారిందన్నారు, ఒకాయన చేత పొట్ట తోమించారు. అలా మూడు రోజులు గడిచాక, నాలుగో రోజు బామ్మర్ది సైఫుల్లా ఆయన్ని రిక్షాలో వేసుకుని రేవు దారిలో ఉన్న ముప్పై మంచాల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరు సత్యవేదం వయసులో చిన్నవాడు. పొట్ట నొక్కి, రక్తం తీయించి, "క్లోమం వాచింది మేస్త్రీ గారూ" అన్నాడు.

"ఏం వాచిందండీ?"

"క్లోమం. పొట్ట వెనకాల ఉంటుంది."

నాగుల్ మీరా నొప్పిలో కూడా ఆలోచించాడు. "ఇరవై ఏడేళ్ళలో ఎన్ని వేల మేకల్ని కోయించానండీ. కార్జం వండాను, గుండెకాయ వండాను, తలకాయ వండాను. మీరు చెప్పేది ఎప్పుడూ వండలేదే. అది ఉండదేమోనండీ."

"ఉంది. దానికిప్పుడు విశ్రాంతి కావాలి. నోట్లోకి ఏదన్నా పోతే అది పనికి లేస్తుంది. లేచి తన్ను తానే అరిగించుకుంటుంది. నేను చెప్పేదాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. మంచినీళ్ళు కూడా వద్దు."

ముక్కులోంచి పొట్టలోకి ఒక గొట్టం వేశారు. పొట్టలో ఊరేదంతా ఆ గొట్టం గుండా మంచం కింద సీసాలోకి దిగేది. చేతికి సెలైన్ పెట్టారు. తెల్లవారుజామున కిటికీలోంచి వచ్చే వెలుగు ఆ సెలైన్ సీసాలో కాసేపు ఈదేది. నాగుల్ మీరా దాన్నే చూస్తూ పడుకునేవాడు. ఆయన రుచి చూడని నీళ్ళు మొదటిసారి నోటిని అడక్కుండా ఒంట్లోకి వెళ్తున్నాయి.

సత్యవేదం దగ్గర ఒక నోట్‌బుక్కు ఉంది. ఈ జబ్బుతో మంచమెక్కినవాళ్ళలో ఎవరు నడిచి వెళ్తున్నారు, ఎవర్ని మోసుకెళ్తున్నారు, ఎందుకు అని రాసుకుని గుడివాడలో జరిగే డాక్టర్ల సభలో చదవాలని ఆయన కోరిక. వయసెంత, తాగుడుందా, పిత్తాశయంలో రాళ్ళున్నాయా, ఎన్నో రోజు ఆసుపత్రికి వచ్చాడు, రక్తంలో చక్కెరెంత, తెల్లకణాలెన్ని, మూత్రం ఎంత పోస్తున్నాడు, అన్నీ గీతలు కొట్టి రాశాడు. నాగుల్ మీరా తాగడు. వయసు యాభై రెండు. ఆలస్యంగా వచ్చాడు, అదొక్కటే తప్పు. ఆసుపత్రిలో చేరిన మూడో రోజుకు పొట్ట మెత్తబడింది. డాక్టరు సంతోషంగా రాసుకున్నాడు.

నాలుగో రోజు సాయంత్రం పొట్ట మళ్ళీ డోలులా బిగిసింది. రెండు రోజులు కష్టపడితే తగ్గింది. ఏడో రోజు సాయంత్రం మళ్ళీ బిగిసింది.

సత్యవేదానికి అంతు చిక్కలేదు. మంచం జరిపించాడు, కిటికీ మూయించాడు. చివరికి నోట్‌బుక్కులో చిన్న అక్షరాలతో "ఆటుపోట్లు?" అని రాసి, సిగ్గుపడి కొట్టేసి, మళ్ళీ రాశాడు. రహమత్ బీ వరండాలో కూర్చుని ఉంది. ఆయన ఆమె దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పాడు. "మూడోసారి బిగిస్తే ఇంక నా చేతుల్లో ఉండదమ్మా."

ఆ మాట విన్న ఇంకో మనిషి వార్డు ఆయా ఎల్లమ్మ. ఉప్పెన తర్వాత దివిసీమ నుంచి వచ్చి ఇక్కడ చేరింది. అంతకుముందు ఎండుచేపలు అమ్మేది, గంపలో ఏ చేప ఉందో ఇంటి మలుపు దగ్గరే వాసన పట్టేది. మంచం కింది సీసా పారబోసే పని ఆమెదే. ఏడో రోజు సీసా ఎత్తింది, మూత తీసింది, ఆగింది. మళ్ళీ వాసన చూసింది. సీసా పట్టుకుని నేరుగా డాక్టరు దగ్గరికే వచ్చింది.

"బాబు గారూ, ఈ పైత్యానికి మసాలా ఎవరు పెట్టారండీ?"

"ఏంటి?"

"లవంగం, షాజీరా. మీద నెయ్యి కూడా తేలింది. నా ముక్కు అబద్ధం చెప్పదండీ. ఇంత మంచి పైత్యం నేనెప్పుడూ పారబోయలేదు."

సత్యవేదం సీసాను వెలుగులో పెట్టి చూశాడు. పసుపుపచ్చగా ఉంది. ఇన్నాళ్ళూ అది పైత్యరసమే అనుకున్నాడు. సరాసరి మంచం దగ్గరికి వెళ్ళాడు.

"మేస్త్రీ గారూ, ఏం తిన్నారు?"

"అల్లా మీద ఒట్టండీ, మెతుకు ముట్టలేదు."

"తాగారా?"

"చుక్క తాగలేదు."

"మరి సీసాలో నెయ్యెలా వచ్చింది?"

నాగుల్ మీరా ముఖం నిర్మలంగా ఉంది. "ఉప్పు మాత్రమే చూశానండీ."

డాక్టరుకు అర్థం కాలేదు. "చూస్తే పొట్టలోకెలా వెళ్తుంది?"

"ఉప్పుని కంటితో ఎవరన్నా చూస్తారా అండీ?"

సైఫుల్లా స్తంభం చాటుకు తప్పుకోబోతుంటే ఎల్లమ్మ చొక్కా పట్టుకుంది. సంగతంతా వాడే చెప్పాడు. నాలుగో రోజు ఒక పెళ్ళి, ఏడో రోజు ఇంకో పెళ్ళి. బావ చూడనిదే బియ్యం పోయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మరిగే ఎసరు క్యారేజీలో పోసుకుని సైకిల్ మీద తెచ్చాడు. బావ మూడేసిసార్లు చూశాడు. పలావు ఎసరు, కుర్మా, దాల్చా.

"అంటే పెళ్ళికి తొమ్మిది పుడిసిళ్ళు" అన్నాడు సత్యవేదం నీరసంగా.

"తొమ్మిదా? దాల్చా కొంచెం తేడాగా ఉంటే ఇంకోసారి చూశానండీ" అన్నాడు నాగుల్ మీరా. అబద్ధం ఆడటం ఆయనకు ఇష్టం లేదు.

"చచ్చిపోతావయ్యా!" సత్యవేదం గొంతు మొదటిసారి పెరిగింది. "తినడమంటే అదే. నువ్వు దాన్ని ఏ పేరుతో పిలిచినా నీ క్లోమానికి తెలుగు రాదు."

నాగుల్ మీరా పైకప్పు వైపు చూశాడు. తర్వాత అడిగాడు. "పదో రోజు గూడూరు వాళ్ళ పెళ్ళుందండీ. ఎనిమిది వందల మంది. మన ఊళ్ళోనే చేస్తున్నారు. ఎవరు చూస్తారు?"

సత్యవేదం సీసా ఎల్లమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

పదో రోజు పొట్ట మెత్తగా ఉంది. మధ్యాహ్నం సైఫుల్లా క్యారేజీతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడి చొక్కా అంతా చెమట. ఎల్లమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"తప్పుకో అక్కా, ఎసరు చల్లారిపోతోంది. అక్కడ బియ్యం నానిపోయాయి."

"సాయిబు గారు చూడరు. ఆ చూపు చాలు ఇంక."

"ఇంకెవరు చూస్తారు? నువ్వు చూస్తావా?"

"చూస్తా. ఎండుచేపల లెక్కన అయితే పిడికెడు కాదు, బస్తా వెయ్యాలి."

వాసన అప్పటికే వార్డులోకి వచ్చేసింది. పక్క మంచం మీది మనిషి లేచి కూర్చున్నాడు. నాగుల్ మీరా నోట్లో నీళ్ళూరాయి. గొట్టం కదిలింది. మంచం మీద ఆయన చెయ్యి తనకు తెలియకుండానే గుంటలా ముడుచుకుంది. దాన్ని ఇంకో చేత్తో పట్టుకుని దుప్పటి కింద పెట్టుకున్నాడు.

"రహమత్‌ని చూడమను" అన్నాడు.

రహమత్ బీ లేచి వెనక్కి రెండడుగులు వేసింది. "నాకేం తెలుసండీ? నేనెప్పుడన్నా చూశానా?"

"అందుకే చూడు. నీ నాలుక కొత్తది."

ఆమె అరచేయి చాపింది. సైఫుల్లా ఎసరు పోశాడు. ఆమె ఒక్కసారే నాలుక తాకించింది. రెండోసారి, మూడోసారి లేవు. కళ్ళు కూడా మూయలేదు. బయట ఎవరో సైకిల్ గంట కొట్టారు.

"కొంచెం తక్కువైంది" అంది.

"ఎంత తక్కువ?" నాగుల్ మీరా లేవబోయాడు. గొట్టం ఆపింది. "కొంచెమంటే? పిడికెడా, అరపిడికెడా? రెండోసారి చూడలేదేం? అట్లా గబగబా చెప్తారా ఎవరన్నా?"

"పిడికెడు నిండా వెయ్యి" అంది ఆమె తమ్ముడితో. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందేమిటా అని తనే ఆశ్చర్యపోయింది. సైఫుల్లా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమంతా నాగుల్ మీరా రెండు భయాలతో పడుకున్నాడు. పొట్ట బిగుస్తుందేమో అని ఒకటి. గూడూరు వాళ్ళు విస్తళ్ళు వదిలేసి లేస్తారేమో అని ఇంకొకటి. ఏది పెద్దదో ఆయనకే తెలియదు. రహమత్ బీ విసనకర్రతో విసురుతూనే ఉంది. పొట్ట బిగియలేదు.

మర్నాడు పొద్దున సైఫుల్లా వచ్చాడు. నాగుల్ మీరా తల తిప్పాడు.

"ఏమన్నారు?"

"బాగుందన్నారు బావా."

"బాగుందంటే? ఎట్లా బాగుంది?"

సైఫుల్లా అక్క వైపు, ఎల్లమ్మ వైపు చూసి తల గోక్కున్నాడు. "ఎప్పట్లాగే ఉందన్నారు."

నాగుల్ మీరా కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. అప్పుడే వచ్చిన సత్యవేదం కంగారుపడి దుప్పటి తీసి పొట్ట నొక్కాడు. పిండిముద్దలా ఉంది.

"నొప్పా? ఎక్కడ?"

నాగుల్ మీరా నోరు తెరిచి నాలుక బయటపెట్టాడు.

సత్యవేదం టార్చి వేసి ఇటూ అటూ శ్రద్ధగా చూశాడు. నోట్‌బుక్కు తీసి రాసుకున్నాడు. నాలుక తడిగా ఉంది. మంచి లక్షణం. మనిషి బతుకుతాడు.