పెద్దనాయన గుండెలో పాలీఅమైన్లు

రెండువేల దశకం నడుమ నేను హైదరాబాదులో బయోకెమిస్ట్రీ చదువుతూ, ప్రాజెక్టు పేరుతో అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల గుండె కణాలను పెంచేవాణ్ణి. గాజు పళ్ళెంలో కాస్త కుదురుకోగానే అవి వాటంతటవే కొట్టుకోవడం మొదలుపెడతాయి. ఒళ్ళు లేదు, మెదడు లేదు, అయినా కొట్టుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు అన్నం తినడం మరిచిపోయాను. ఆ తర్వాత ఎప్పుడూ మరవలేదు.

వాటి మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే విషం పోయడం, పాలీఅమైన్లు ఇస్తే ఎన్ని బతుకుతాయో చూడడం నా పని. పాలీఅమైన్లంటే కణాలు సొంతంగా తయారుచేసుకునే చిన్న పదార్థాలు. ఆక్సిజన్ దారితప్పి విషంగా మారినప్పుడు అవి అడ్డం పడి కొంత దెబ్బ తాము తింటాయి. ఇంత మంచి పని చేసేవాటికి పేర్లు మాత్రం అన్యాయంగా పెట్టారు. ఒకదానికి కుళ్ళు పేరు. ఇంకోదానికి అది మొదట దొరికిన చోటి పేరు. ఆ చోటేదో ఇంట్లో పెద్దల ముందు చెప్పేది కాదు.

పత్తి క్రాసింగ్ రోజుల్లో మానవపాడు దగ్గరి మా ఊరికి వచ్చాను. మా నాన్న అన్న, అంటే పెద్దనాయన, గుండెపోటుతో కర్నూలు దవాఖానలో ఉండి అప్పుడే ఇల్లు చేరాడు. డాక్టరు మాత్రలు రాసి, చేను వైపు చూడొద్దన్నాడు. చేనేమో విత్తనాల కోసం వేసిన సీడ్ పత్తి. సాయంత్రం మొగ్గల్లోని పుప్పొడి భాగం గిల్లేయాలి, మర్నాడు పొద్దున్నే వేరే మొక్క పువ్వు తెచ్చి రుద్దాలి; అదే క్రాసింగ్. కూలీలు ఒక్కపూట ఏమారితే విత్తనం చెడుతుంది. పెద్దనాయన మంచం మీద కూర్చుని, చేను ఉన్న దిక్కు గోడను చూస్తుండేవాడు.

"నీది గుండె సదువేనంట గద. నేను చేన్లకు పోవచ్చా, లేదా?" అన్నాడు.

"నాది ఎలుక గుండె, పెద్దనాయన."

"ఎలుకదైతే గుండె గాదా? జెప్పు."

చెప్పాను. నెత్తురు ఆగినప్పుడు ఒక దెబ్బ, ఆగిన నెత్తురు మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో దెబ్బ అన్నాను.

"ఎండిన పత్తికి ఒక్కసారే పెద్దవాన పడితే నిలువున వాడిపోతది. గట్లనా?"

"జర గట్లనే. ఆ రెండో దెబ్బకు లోపల పాలీఅమైన్లు అడ్డం పడతయి. పప్పుల్ల, మొలకలల్ల గూడ ఉంటయంట."

చివరి మాట పెద్దమ్మ చెవిలో పడింది. మర్నాటికి గంగాళం నిండా పెసలు నానాయి. వాటికి మొలకలొచ్చేసరికి పెద్దనాయన మాత్రల పొట్లం అటక మీదికి ఎక్కింది. పత్తికి ఒక మందు పనిచేస్తే దాన్నే ఇంకో డబ్బా కొట్టి, వేరే మందు మానేయడం ఆయనకు అలవాటు. ఇప్పుడు చేను ఆయనే అయ్యాడు.

"సొంత మందు లోపలనే ఉంటే కొన్న మందెందుకు?" అన్నాడు, దోసెడు మొలకలు నములుతూ. "ఎల్లుండి చేన్లకు పోత."

నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో అది అరుదైన సంఘటన. మాత్రలు మానితే రక్తనాళం మళ్ళీ మూసుకుపోవచ్చని డాక్టరు మరీ మరీ చెప్పిన సంగతి నాన్న నాతో ముందే అన్నాడు.

"పెద్దనాయన, పోయిన నెల నేనూ గిట్లనే పాలీఅమైన్లు ఇంకో దోసెడు ఏసిన," అన్నాను. "పళ్ళెంల ఉన్న కణాలన్నీ సచ్చినయి. విషం పోసిన పళ్ళెమే నయం."

నమలడం ఆగింది. "కాపాడేదన్నవ్ గద?"

"లోపల, ఉండవలసినంత ఉంటే కాపాడతది. బయట నుంచి ఎక్కువ పోస్తే వేరే కథ. కణాలు పెరిగే నీళ్ళల్ల దూడ నెత్తురు కలుపుతం. దాంట్ల ఉన్న ఒక సరుకు పాలీఅమైన్లను ఇరగ్గొట్టి విషం జేసింది."

"దూడ నెత్తురా?" అంది పెద్దమ్మ. "థూ, గదేం సదువురా."

"మొలకలు తింటే గట్లయితదా?" పెద్దనాయన చేతిలోని పెసలను అనుమానంగా చూశాడు.

"కాదు. తిను, మంచిదే. గని అవి మాత్రల పని జెయ్యవు."

ఆయన మిగిలిన పెసలు నోట్లో వేసుకున్నాడు. నాకు లోపల ఒక ప్రశ్న తిరుగుతోంది: దెబ్బ తిన్న గుండెలో ఆ కాపలా ఎంత మిగిలి ఉంటుంది? ఎలుకల్లో తగ్గుతుందని చదివాను. మనిషిలో, అందులోనూ మంచం మీద నుంచి కూలీలను తిట్టే మనిషిలో, ఎంతో నాకు తెలియదు.

"మరి నా దాంట్ల ఎంతుందో ఎట్ల తెల్వాలె?" అన్నాడాయనే.

"ఎలుకకైతే గుండె తీసి, నూరి చూస్తం."

పెద్దనాయన ఆ పద్ధతిని నిదానంగా పరిశీలించాడు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగాడు.

"గా అటక మీది పొట్లం దియ్యి," అన్నాడు.