గట్టిగా టీచర్ విన్న జవాబు

లెక్కలక్క గదికీ నా సైన్సు గదికీ మధ్య ఒకటే గోడ. అదెంత పలచనంటే అటువైపు సుద్దముక్క విరిగినా నాకు వినిపించేది. రోజుకు యాభైసార్లు వినిపించే మాట మాత్రం ఒక్కటే: "గట్టిగా! గట్టిగా చెప్పు!" పిల్లలు ఆవిడకు 'గట్టిగా టీచర్' అని పేరు పెట్టారు. ఆ సంగతి అక్కకూ తెలుసు. "పోనీలే, మెత్తగా టీచర్ అనలేదు" అని నవ్వేసేది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా మా బడిలో లెక్కలు చెబుతోంది. భిన్నాలంటే బెదిరిపోయే పిల్లల్ని కూడా దారిలో పెట్టగల మనిషి. ఈ కాలం పిల్లలకు నోరు పెగలదనీ, అన్నీ గొణుగుళ్ళేననీ ఆవిడ ఫిర్యాదు. నేనూ ఊఁ కొట్టేదాన్ని. గోడకు ఇవతలున్న నాకు వినిపించే జవాబులు అదే గదిలో ఉన్న ఆవిడకు ఎందుకు వినిపించడం లేదని ఒక్కనాడూ ఆలోచించలేదు. ఇప్పటికీ నాకది సిగ్గుగానే ఉంటుంది.

అసలు సంగతి అక్క తొమ్మిదో తరగతి నోటు పుస్తకాలు దిద్దుతున్నప్పుడు బయటపడింది. కిటికీ పక్క మూడో బెంచీలో సన్నటి గొంతు గల ఒక అమ్మాయి కూర్చునేది. ఆ నెలలో మూడుసార్లు లేచి జవాబు చెప్పింది. మూడుసార్లూ అక్క "తప్పు, కూర్చో" అంది. ఆ తర్వాత ఆ పిల్ల చెయ్యి ఎత్తడం మానేసింది. పుస్తకం తెరిచి చూస్తే మూడు లెక్కలూ పొల్లుపోకుండా చేసి ఉన్నాయి. జవాబులు సరిగ్గా రాసి, వాటి మీద అడ్డంగా గీతలు కొట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది. అక్క ఎర్ర పెన్ను మూత పెట్టేసింది.

ఇంటికి వెళ్ళగానే, కుట్టుమిషను ముందున్న భర్తను అడిగిందట: "ఏమండీ, నాకు సరిగ్గా వినపడట్లేదా?"

"రెండేళ్ళ నుంచి చెబుతూనే ఉన్నాను. నువ్వు వింటేగా!" అన్నాడాయన.

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి అక్క ఏడ్చేసింది.

డాక్టరు రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టాడు. ఇంట్లో, ఎదుటి మనిషి ఒక్కరే ఉంటే, అవి బాగానే పనిచేశాయి. నలభై ఇద్దరు పిల్లలున్న గదిలో మాత్రం ఫ్యాను రొద, బెంచీల ఈడ్పు, దగ్గులు అన్నీ ఒక్కసారిగా మీద పడేవి. కావలసిన మాట వాటి కింద నలిగిపోయేది. పది రోజులు పట్టుదలగా ప్రయత్నించి, పదకొండో రోజు ముందస్తు పదవీ విరమణ కోరుతూ ఒక ఉత్తరం రాసి నా దగ్గరికి తెచ్చింది.

"తప్పులేమైనా ఉంటే చూడవే."

"ఎందుకక్కా ఇంత తొందర?"

"ఒక పిల్ల ఒప్పు జవాబు కొట్టేసుకుంది. మనకు తెలియకుండా ఇంకెంతమంది కొట్టేసుకున్నారో!"

నేను తప్పులు చూడలేదు. ఆ కాగితం తీసుకుని తిన్నగా కంప్యూటర్ సార్ దగ్గరికి వెళ్ళాను. అంతకు ముందు ఏడాది ప్రతి గదిలోనూ పెద్ద టీవీలాంటి డిజిటల్ బోర్డు బిగించింది ఆయనే. అక్క దాని మీద తేదీ, హాజరు రాసి వదిలేసేది. పాఠం మాత్రం పక్కనున్న నల్లబల్ల మీదే. ఆయన ఉత్తరం చదివి బుర్ర గోక్కున్నాడు. "రెండు రోజులు ఆగమనండి" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఖాళీ తరగతిలో మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, ఉదయం ప్రార్థనకు వాడే చేతి మైకు పట్టుకుని మాట్లాడాడు. ఆయన అన్న మాటలు బోర్డు అడుగున తెలుగు అక్షరాలై పరిగెత్తాయి. అక్క లేచి దగ్గరికెళ్ళి, వేలితో ఆ అక్షరాల్ని తాకి చూసింది.

"పిల్లలకు మైకిస్తే చాలు మేడమ్. కానీ ఎందుకిస్తున్నామో వాళ్ళకు చెప్పాలి కదా" అన్నాడు సార్.

"చెబుతాను" అంది అక్క.

మరుసటి ఉదయం నా తరగతికి బొమ్మ గియ్యమని పని పెట్టి, అక్క తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"నాకు చెవులు సరిగ్గా వినిపించవు" అంది అక్క. "మీరెవరూ గొణగట్లేదు. ఇన్నాళ్ళూ అనవసరంగా మిమ్మల్ని కసిరాను."

అక్క వెళ్ళి కిటికీ పక్క అమ్మాయి చేతికి మైకిచ్చింది. "లంబకోణ త్రిభుజం. భుజాలు ఐదు, పన్నెండు. కర్ణం ఎంత?"

ఆ పిల్ల మెల్లగా చెప్పింది. బోర్డు మీద పడింది: "కారణం పదమూడు."

తరగతంతా గొల్లుమంది. అక్క చదివి, తనూ కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. "కారణాల సంగతేమో గానీ, కర్ణం మాత్రం పదమూడే. కరెక్టు! పోయిన నెల చెప్పింది కూడా కరెక్టే. అప్పుడు పనిచేయనిది నా కర్ణం." పిల్లలు మళ్ళీ నవ్వారు.

ఆ అమ్మాయి ఇంకా మైకు పట్టుకునే ఉంది. బోర్డు మీద ఇంకో వాక్యం నెమ్మదిగా వచ్చింది: "నాకు లెక్కలు రావనుకున్నాను టీచర్." ఈసారి యంత్రం ఒక్క అక్షరం కూడా తప్పు రాయలేదు. అక్క ఆ అమ్మాయి నోటు పుస్తకం అడిగి తీసుకుని, కొట్టేసిన మూడు జవాబులకూ ఎర్ర టిక్కు పెట్టి, కింద 'పొరపాటు నాది' అని రాసి సంతకం చేసింది.

ఆ తర్వాతంతా సాఫీగా సాగిందని చెప్పను. కరెంటు పోతే పిల్లలు జవాబులు కాగితాల మీద రాసి పైకెత్తేవాళ్ళు. ముగ్గురు ఒకేసారి మాట్లాడితే బోర్డు మీద అంతా కలగాపులగం. మైకు చేతులు మారేసరికి పాఠాలు వెనకబడి, శనివారాలు అదనపు క్లాసులు పెట్టాల్సి వచ్చింది. ఒకసారి మైకు చేతిలో ఉన్నవాడు ఆ సంగతి మరిచి గొణిగితే, "బెల్లు ఇంకా కొట్టరేంట్రా బాబూ" అని బోర్డు మీద ప్రత్యక్షమైంది. అక్క వెనక్కి తిరిగి, "నాలుగు నిమిషాలుంది నాయనా, ఓపిక పట్టు" అంది. ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. తన తరగతిలో పిల్లలు ఏమనుకుంటారో తెలిసి ఎన్నాళ్ళయిందో!

అలా ఇంకో నాలుగేళ్ళు పాఠం చెప్పింది. కిటికీ పక్క అమ్మాయి లెక్కలే ప్రధానాంశంగా తీసుకుని పైచదువుకు వెళ్ళింది. అక్క ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పినా కంప్యూటర్ సార్ ఒకటే మాట: "నాదేముంది మేడమ్, ఆ సదుపాయం అందులో ముందే ఉంది. నేను వెతికానంతే."

"ఎవరో ఒకరు వెతకాలి కదయ్యా" అనేది అక్క. "నా కోసం నువ్వు వెతికావు."

పదవీ విరమణ రోజున అక్క ఉపన్యాసాలు వద్దంది. కుర్చీ బోర్డు వైపు తిప్పుకుని కూర్చుని, మైకు పిల్లలకిమ్మంది. ఒక్కొక్కరే చెబుతుంటే గంటన్నర పాటు చదువుతూనే ఉంది. మధ్యలో భర్త వచ్చి టీ చల్లారిపోతోందన్నాడు. అక్క చూపు తిప్పకుండానే చెయ్యెత్తి, ఆగమంది.