దేవదాసు తానుకు కొత్త చీటీ

జగిత్యాల ఫర్హత్ చేసే పని ఏమిటంటే, మాట మోయడం. జీతం లేదు. లినక్స్ అనే ఉచిత కంప్యూటర్ వ్యవస్థలో ప్రోగ్రాం రాసేవారు ఒకరు. దాన్ని పరీక్షించి, మూటకట్టి, అందరి కంప్యూటర్లకూ చేరేలా చేసేవారు ఇంకొకరు. వారి మధ్య మాట తెగకుండా చూసేది ఫర్హత్.

రాసేవాడు తంగళ్ళపల్లి దేవదాసు. నాలుగు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తూనే, చీర అంచుల డిజైన్లు గీసే ‘అంచు’ అనే ప్రోగ్రాం రాశాడు. అతను అలిగితే కరెంటు ఉన్నా ఆ నాలుగు సాంచాలూ ఆగిపోతాయి. నా కళ్లతో చూశాను. పక్కింటివాడిది కూడా మర్యాదకు ఆగింది.

మూటకట్టేది కోరుట్ల ఊర్మిల. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆమెకు తెలుస్తుంది. ప్రతి ఫైలుకూ వేలిముద్రలాంటి అంకె ఒకటుంటుంది, ఆమె దాన్నే చూస్తుంది.

ఆ సోమవారం ‘అంచు’ అంకె కలవలేదు. మూడో తారీఖున వచ్చిన ఫైలు వేరు, ఇప్పుడున్నది వేరు, పైన వేసిన విడుదల నంబరు మాత్రం ఒకటే. మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారేమోనని ఊర్మిల ఆపేసింది. శుక్రవారంలోగా తేలకపోతే లినక్స్ కొత్త విడుదలలో ‘అంచు’ ఉండదు. ఫర్హత్ మాట నమ్మి లినక్స్‌కు మారిన సిరిసిల్ల డిజైన్ దుకాణాలు పదకొండు. కంప్యూటర్లు కొత్త విడుదలకు మారిన రోజున అక్కడ పని ఆగుతుంది.

ఫైలు ఎందుకు మారిందని అడిగితే దేవదాసు కోపంగా రాసిన జవాబు చదివి, ఫర్హత్ దాన్ని ఊర్మిలకు పంపలేదు. సిరిసిల్ల బస్సెక్కింది.

“నన్ను దొంగ అంటదా ఆమె?” అన్నాడు దేవదాసు. “ఒక లైను తప్పుంటే సాపు చేసి అదే జాగల పెట్టిన. నా ప్రోగ్రాం నేను మార్చుకోవద్దా, చెల్లె?”

“నంబరు మార్చినవా అన్నా?”

“ఒక్క లైనుకు నంబరెందుకు?”

అతని భార్య శైలజ నేసిన తానులకు చీటీలు కడుతోంది. ఫర్హత్ అటు తిరిగింది.

“వదినా, సేటుకు పోయిన తానుల లోపముంటే ఏం జేస్తరు?”

“వాపస్ తెచ్చి, మంచిది నేసి, కొత్త చీటీ కడ్తం.”

“పాతదే కడితే?”

“బట్ట బంగారమైనా సేటు విసిరికొడ్తడు. చీటీల ఒకటి, మూటల ఒకటుంటే ఎవలు నమ్ముతరు?” శైలజ మొగుడివైపు చూసింది. “గట్ల చేసినవా ఏంది? మా అయ్యకు తెలిస్తే సాంచ కాడికి రానియ్యడు నిన్ను.”

దేవదాసు ఒక చీటీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఊర్మిలమ్మకు కోపమచ్చిందా?”

“ఆమెకు భయమైంది. నువ్వు దొంగవు కాదు, తొందర మనిషివని చెప్పిన. మిగతాది నువ్వే రాయాలె.”

ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో ఆ సాయంత్రమే రాసి, కొత్త నంబరుతో విడుదల చేశాడు. ఊర్మిల రెండు రోజులు పరీక్షించింది. గురువారం ఆమె జవాబు వచ్చింది: “అంకె కలిసింది. తీసుకున్నాను.”

దేవదాసు దాన్ని ఫోనులో పైకీ కిందికీ జరిపి చూసి, ఫర్హత్‌కు ఫోన్ చేశాడు.

“గింతేనా, చెల్లె? ఒక మంచి మాట లేదాయె.”

“అన్నా, ఊర్మిలక్క నాలుగేండ్లల్ల నాకు గంత పొడుగు జవాబు ఎన్నడు రాయలే.”