కొసరు మామ గుప్పెడు

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది కానీ, అది కొట్టు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వీధి వీధంతా అతన్ని కొసరు మామ అనే పిలుస్తుంది. బియ్యం తూచి సంచిలో పోశాక, మూతి కట్టే ముందు, బస్తాలోంచి ఒక గుప్పెడు తీసి పైన పోస్తాడు. అడిగినవాళ్ళకీ పోస్తాడు, అడగనివాళ్ళకీ పోస్తాడు, నిన్న పోట్లాడి వెళ్ళి ఇవాళ ఏమీ ఎరగనట్టు వచ్చినవాళ్ళకీ పోస్తాడు. మనిషి సన్నమే అయినా అరచెయ్యి చేటంత ఉంటుంది. దేవుడు ఆ చెయ్యి చూసే తనకి బియ్యం కొట్టు ఇచ్చాడని అతనే అంటుంటాడు.

కొట్టు గొప్పదేం కాదు. ముందు నాలుగు బస్తాలు మూతులు తెరుచుకుని కూర్చుంటాయి, వెనక గోడకి మరికొన్ని ఆనుకుని నిలబడతాయి, మధ్యలో గడియారంలా గుండ్రటి ముఖమున్న కాటా. రెండు సందుల అవతల పెద్ద దుకాణం ఒకటి వెలిసింది. లోపల చల్లగాలి, తళతళలాడే సంచులు, తలుపు దగ్గర సలాం కొట్టే మనిషి. అయినా జనం ఆ వైభవమంతా దాటుకుని ఈ దుమ్ములోకి వస్తున్నారంటే ఆ గుప్పెడు కోసమే. ఆ సంగతి అతనికి తెలుసు, అతని భార్యకి తెలుసు, పెద్ద దుకాణం వాడికి మరీ బాగా తెలుసు. గుప్పెడు ఆగిన రోజున కొట్టు ఆగినట్టే.

అలాంటి మనిషి నెత్తిన ఆ ఏడాది బియ్యం ధర వచ్చి పడింది. మామూలుగా పెరిగి తగ్గేది కాస్తా ఈసారి ఎక్కడమే తప్ప దిగడం మరిచిపోయింది. వచ్చిన ప్రతివాళ్ళూ ఎందుకని అతన్నే నిలదీసేవారు, అతనే కొట్టు వెనక కూర్చుని పెంచుతున్నట్టు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాడు. ఒక దేశంలో వానలు మొహం చాటేశాయట. ఇంకో దేశంలో కోతకొచ్చిన చేలు వరదలో మునిగాయట. ఎక్కడో యుద్ధమట, అందుకని ఎరువు దొరకడం లేదట, డీజిలు మండిపోతోందట. ఓడలు దగ్గరి దారి వదిలి చుట్టూ తిరిగి వస్తున్నాయట. కొన్నాళ్ళకి అతనికి ఆ ‘అట’లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, వరద యుద్ధంలోనూ ఓడ చేలోనూ వచ్చి పడేవి.

వీధి మొదట్లో బండి మీద బట్టలు ఇస్త్రీ చేసే ఆమె మాత్రం ఏ కారణాన్నీ ఊరికే పోనిచ్చేది కాదు.

“ఎక్కడో వాన పడకపోతే నా పొయ్యి మీద ఎసరు ఎందుకాగాలి మామా?”

“నన్నడిగితే ఏం చెప్పనమ్మా. వాన నా చేతిలో ఉందా?”

“బియ్యం ఉన్నాయిగా నీ చేతిలో.”

దానికి అతను గుప్పెడు పోసి పంపించేవాడు.

అసలు సంగతి టోకు వ్యాపారి చెప్పాడు. కొసరు మామ బస్తాలు తెచ్చుకునేది అతని దగ్గరే. గోదాము ముందు కుర్చీలో కాళ్ళు చాపుకుని, పాఠం చెప్పినట్టు చెప్పాడు.

“పంట తగ్గింది నిజమేనయ్యా. కానీ లోకానికి చాలనంత ఏం తగ్గలేదు. ఎక్కువ బియ్యం అమ్మే దేశం, ముందు మా జనం తినాలి అని రేవులు మూసేసింది. అది చూసి ఇంకో దేశం మూసేసింది. కొనుక్కునే దేశాలు భయపడి అవసరానికి మించి కొని దాచుకున్నాయి. ఇక్కడ పెద్ద గోదాముల వాళ్ళు, రేపు ఇంకా పెరుగుతుంది కదా అని తాళాలు వేసుకున్నారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా ఒక సంచి బదులు రెండు కొంటున్నారు. ఎవరికి వాళ్ళు తలా కాస్త వెనక్కి లాక్కున్నారు, అంతే.”

“మరి నువ్వు?”

“నేను మాత్రం సన్యాసినా?” అని నవ్వాడు వ్యాపారి. ఆ నవ్వులో కొంచెం కూడా సిగ్గు లేదు. కొసరు మామకి ఒళ్ళు మండింది గానీ, బస్తాలు ఇచ్చేది ఆ మనిషే కనుక నోరు మూసుకుని బండెక్కించుకున్నాడు.

ఒక రోజు గుప్పెడు మానేసి చూశాడు. ముల్లు సరిగ్గా గీత మీద నిలిచేలా తూచి, మూతి కట్టి ఇచ్చాడు. పుచ్చుకున్నామె సంచిని రెండుసార్లు ఎగరేసి, “బరువు తక్కువగా ఉందేం?” అంది. సాయంత్రానికల్లా కాటా పాడైందని ఒకరు, మనిషే పాడయ్యాడని ఒకరు అనుకున్నారు. ఇన్నేళ్ళు గుప్పెడుతో కలిపి మోసిన చేతులకి సరైన తూకం తక్కువ తూకంలా తోచింది. వాళ్ళనీ అనడానికి లేదు.

మర్నాడు చెయ్యి మళ్ళీ బస్తాలోకి వెళ్ళింది. అయితే అంతకుముందే ఇంకోటి జరిగింది. బియ్యం పోస్తూ, ముల్లు గీత చేరడానికి కాస్త ముందే ఆపాడు. ఆ పైన గుప్పెడు పోశాడు. ముల్లు వైపు ఎవరూ చూడలేదు. ఆ కొట్లో ముల్లుని ఎవరూ, ఎప్పుడూ చూడలేదు. అందరి కళ్ళూ చెయ్యి మీదే. సంచి పుచ్చుకున్నామె చిరునవ్వుతో ఇల్లు చేరింది.

తీసింది పోశాను, లెక్క చెల్లింది కదా అనుకున్నాడు. భార్యకి చెప్పలేదు. ధర ఎక్కినకొద్దీ ముల్లు ఇంకాస్త ముందే ఆగేది, గుప్పెడు ఇంకాస్త వదులయ్యేది. కావాలని చేశాడా అంటే చేశాడనే చెప్పాలి. ఎంత తగ్గుతోందో చూసుకున్నాడా అంటే చూసుకోలేదు. రోజంతా కారణాలు చెప్పి చెప్పి, తిట్లు తిని తిని, సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చేది. అదంతా అలసట అనుకున్నాడు. అలసట కూడా నిజమే మరి.

ఇలా ఉండగా బస్తా ఎత్తబోయి నడుం పట్టేసింది. మంచం మీంచి లేవలేని స్థితి. భార్యే వెళ్ళి కొట్లో కూర్చుంది. ఆమెకి వ్యాపారం కొత్త కాదు, భర్తని చూసి నేర్చుకున్నదే. ముల్లు గీత మీదికి వచ్చేదాకా పోసేది, ఆ పైన గుప్పెడు పోసేది. కొసరు మామ కొట్లో ఇంకోలా తూస్తారని ఆమెకి కలలో కూడా తట్టదు.

నడుం నిలబడ్డాక అతను మళ్ళీ కొట్టుకొచ్చాడు. మధ్యాహ్నం భార్య అన్నం పట్టుకొచ్చింది. అప్పుడే ఇస్త్రీ ఆమె ఖాళీ సంచితో దిగింది.

“నువ్వు ఇంటికెళ్ళి ఇంకో నాలుగు రోజులు పడుకో మామా. అత్తే తూస్తుంది,” అంది.

“ఏం, నా తూకం నచ్చలేదా?”

“నచ్చకపోవడమేంటి. అత్త కట్టిన సంచి మా ఇంట్లో ఒక పూట ఎక్కువొచ్చింది. నా కొలత డబ్బా ఎప్పుడూ తప్పదు. ఆవిడ గుప్పెడు నీ గుప్పెడు కన్నా పెద్దది మామా.”

ఆమె మెచ్చుకోలుగానే అంది. మనసులో ఏదో పెట్టుకుని అనలేదు. కానీ కొసరు మామ బస్తాలో పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భార్య కూరగిన్నె మూత తీయబోతూ ఆగి, తన చెయ్యి చూసుకుంది. చిన్న చెయ్యి. పెళ్ళయిన కొత్తలో ఆ చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని, నీ గుప్పెట్లో నాలుగు గింజలు కూడా పట్టవని అతను ఏడిపించేవాడు. తర్వాత ఆమె అతని చెయ్యి చూసింది. ఆ పైన కాటా చూసింది. ఇస్త్రీ ఆమెకి తనే తూచి, కట్టి పంపించింది.

సాయంత్రం తలుపులు సగం దించాక అతను బస్తాలోంచి రోజూ తీసినట్టే ఒక గుప్పెడు తీసి కాటా మీద పోశాడు. ముల్లు బద్ధకంగా కదిలి ఆగింది. రోజూ తను ఆపుతున్న చోటికీ గీతకీ మధ్య ఉన్న ఎడంలో ఆ గుప్పెడు సగం కూడా పూడ్చలేదు. భార్య పక్కనే నిలబడి చూసింది.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే వద్దంటావు.”

“అనేదాన్ని.”

“అంటే కొట్టు మూసుకోవాలి.”

ఆమె కాటా మీది గింజలు ఎత్తి బస్తాలో పోసింది. “టోకు వాణ్ణి తిట్టుకుంటూ ఇంటికొచ్చారు గుర్తుందా?” అంది. “దేశాల్ని కూడా తిట్టారు. నేను మీ పక్కనే కూర్చుని మీతో కలిసి తిట్టాను.” అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. అనుంటే బాగుండునని అతనికి అనిపించింది.

మర్నాడు మొదట వచ్చింది మళ్ళీ ఇస్త్రీ ఆమే, పక్కింటి ముసలమ్మకి కావాలంటూ. కొసరు మామ కాటాని ఆమె వైపు తిప్పాడు. ముల్లు గీత మీదికి వచ్చి నిలిచేదాకా పోశాడు. సంచి మూతి మడిచాడు. ఆమె ఇంకా సంచి అంచు పట్టుకునే ఉంది.

“కొసరేది మామా?”

“కొసరు పోస్తే తూకంలో లాక్కోవాలమ్మా. ఇన్నాళ్ళూ లాక్కున్నాను. ఇంక నా వల్ల కాదు.”

ఆమెకి సగమే అర్థమైంది. అర్థమైన సగంతో మొహం మాడిపోయింది. “అత్తా, ఏంటిది?”

“ఇవాళ సరిగ్గా ఉందమ్మా. నేను చూశాను,” అంది భార్య లోపల్నుంచి.

ఆమె సంచి ఎత్తుకుని ఎదురుగా ఉన్న కూరగాయల బండి దగ్గర ఆగింది. బండివాడి కాటా మీద సంచి పెట్టి, వంగి ముల్లు చూసింది. ఇన్నేళ్ళలో ఈ కొట్టు సంచి ఇంకో కాటా ఎక్కడం అదే మొదలు. కొసరు మామ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఏమంటుందా అని ఎదురుచూశాడు. ఆమె సంచి దించుకుని, ఇటు తిరగకుండా వెళ్ళిపోయింది.

తూకం సరిపోయిందని అతనికి తెలుసు. ఆమెకీ తెలిసింది. అతనికి కావలసింది మాత్రం అది కాదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ముల్లు చూసి బియ్యం పట్టుకెళ్ళారు, కొందరు పెద్ద దుకాణం వైపు వెళ్ళారు. వారం తిరక్కుండానే, ఇస్త్రీ ఆమె సందు చివర ఎవరికో దారి చెబుతుంటే అతనికి వినపడింది. “బియ్యమా? అదిగో, అక్కడ బియ్యం కొట్టు ఆయన ఉంటాడు,” అంటోంది.